ఆవిరి రైలింజను నమూనాలలో చారిత్రక ఖచ్చితత్వం

ఆవిరి రైలింజను నమూనా అనగా ఒకప్పుడు పట్టాల మీద నడచిన ఆవిరి ఇంజనును ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి తయారు చేసిన ప్రతిరూపం. ఇంజను వెనుక బొగ్గును, నీటిని మోసే బండిని టెండరు అంటారు. ఇది కూడా నమూనాలో భాగమే. నమూనా ఆకారంలోను, కొలతలలోను, రంగులోను, గుర్తులలోను అసలు ఇంజనుతో ఎంతవరకు సరిపోలుతున్నదో దానిని బట్టి ఆ నమూనా యొక్క చారిత్రక ఖచ్చితత్వాన్ని నిర్ణయిస్తారు.

ఆవిరి ఇంజను తయారైన రోజు నుండి తుక్కుగా మారే రోజు వరకు ఒకే రూపంలో ఉండేది కాదు. ముప్పై, నలభై సంవత్సరాల సేవలో దాని బాయిలరు, పొగగొట్టం, సంఖ్య, రంగు, టెండరు పలుమార్లు మారేవి. కాబట్టి ఒక నమూనాను పరిశీలించేటప్పుడు "ఇది ఏ ఇంజను?" అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. "ఇది ఏ సంవత్సరంలోని ఇంజను?" అని కూడా అడగవలసి ఉంటుంది. ఒక్కొక్క భాగం విడిగా సరైనదే అయినా, అవన్నీ ఒకే కాలానికి చెందకపోతే ఆ నమూనా ఎన్నడూ లేని ఇంజనును చూపుతుంది. ఈ వ్యాసంలో ఈ విషయాన్ని ప్రధానంగా బ్రిటన్ ఇంజనుల ఆధారంగా, అందులోను ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను ఉదాహరణగా వివరించడం జరిగింది.

ప్రాముఖ్యత

బ్రిటిష్ రైల్వే 1968 ఆగస్టులో ప్రధాన మార్గాలపై ఆవిరి ఇంజనుల వాడకాన్ని ముగించింది. అంతకు ముందు సుమారు పది సంవత్సరాల కాలంలో వేలాది ఇంజనులను కోసి తుక్కుగా అమ్మివేశారు. సర్ నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఏ1, ఏ3 తరగతుల ఇంజనులు మొత్తం 79 తయారు కాగా, వాటిలో నేటికి మిగిలినది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఒక్కటే. మిగిలిన 78 ఇంజనుల రూపం ఛాయాచిత్రాలలోను, కర్మాగారపు చిత్తుపటాలలోను, నమూనాలలోను మాత్రమే నిలిచి ఉన్నది. కొన్ని తరగతులలో ఒక్క ఇంజను కూడా మిగలలేదు. అటువంటి ఇంజనును మూడు కొలతలలో చూడగలిగే అవకాశం నమూనా ద్వారానే కలుగుతుంది. ఈ కారణంగా నమూనాలోని తప్పు కేవలం ఆటవస్తువులోని లోపంగా మిగిలిపోదు. చూసినవారి మనసులో అదే చరిత్రగా స్థిరపడే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

బ్రిటన్‌లో రైలు నమూనాల వ్యాపారాన్ని వ్యాప్తి చేసినవారిలో నార్తాంప్టన్‌కు చెందిన డబ్ల్యు.జె. బాసెట్-లౌక్ ముఖ్యుడు. ఇతని సంస్థ 1899లో ప్రారంభమైనది. మెకానో ఆటవస్తువు సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో ఓ-గేజి రైళ్ళను, హార్న్‌బీ సంస్థ 1938లో హార్న్‌బీ డబ్లో అనే చిన్న పరిమాణపు రైళ్ళను విడుదల చేసారు.

తొలినాళ్ళ నమూనాలు పోలికకు కాక పేరుకు ప్రాధాన్యం ఇచ్చేవి. 1920ల చివరలో హార్న్‌బీ విడుదల చేసిన 3వ నంబరు శ్రేణి ఇంజనులు దీనికి మంచి ఉదాహరణ. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, రాయల్ స్కాట్, కేర్‌ఫిలీ కాజిల్, లార్డ్ నెల్సన్ అనే నాలుగు పేర్లతో ఇవి అమ్ముడయ్యాయి. అసలు ఇంజనులు నాలుగు వేర్వేరు రైల్వే కంపెనీలకు చెందినవి, వేర్వేరు ఆకారాలు కలవి. వాటన్నిటికి ఆరేసి చోదక చక్రాలు ఉండగా, రేకుతో చేసిన ఈ బొమ్మలన్నిటికి దాదాపు ఒకే ఆకారం, నాలుగేసి చోదక చక్రాలు ఉండేవి. రంగు, పేరు మాత్రమే మారేవి.

1970, 1980 దశకాలలో పలు నమూనాల మోటారును ఇంజనులో కాక టెండరులో అమర్చేవారు. దీనివలన ఇంజను క్యాబ్ లోపలి భాగాలను చూపే వీలు కలిగినా, టెండరు ఆకారాన్ని మోటారుకు అనుగుణంగా మార్చవలసి వచ్చేది. బొగ్గు కుప్పను ఎత్తుగా, కదలని ముద్దగా పోత పోసేవారు. ఇంజనుకు, టెండరుకు మధ్య ఖాళీ కూడా అసలు దానికంటే చాలా ఎక్కువగా ఉండేది. 2000 తరువాత వచ్చిన నమూనాలలో చిన్న మోటారును తిరిగి ఇంజనులోనే అమర్చడంతో టెండరుకు దాని అసలు ఆకారం దక్కింది.

కొలతలు

నమూనా ఖచ్చితత్వంలో మొదటి అంశం స్కేలు. బ్రిటన్‌లో ఎక్కువగా వాడుకలో ఉన్న ఓఓ పద్ధతిలో అసలు ఇంజనులోని ఒక అడుగును 4 మిల్లీమీటర్లుగా చూపుతారు. ఇది 1:76.2 నిష్పత్తి. యూరప్, అమెరికాలలో వాడే హెచ్ఓ పద్ధతిలో ఒక అడుగుకు 3.5 మిల్లీమీటర్లు, అనగా 1:87.1 నిష్పత్తి. ఓ-గేజిలో బ్రిటన్ వారు ఒక అడుగుకు 7 మిల్లీమీటర్లు తీసుకుంటారు.

ఓఓ పద్ధతిలో పుట్టుకతోనే ఒక దోషం ఉన్నది. అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దీనిని 76.2తో భాగిస్తే 18.83 మిల్లీమీటర్లు రావాలి. కాని ఓఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇది నిజానికి హెచ్ఓ నిష్పత్తికి సరిపోయే పట్టా. బ్రిటన్ ఇంజనులు యూరప్ ఇంజనులకంటే ఇరుకైనవి కావడంతో ఆనాటి మోటార్లు హెచ్ఓ పరిమాణపు ఒంటిలో పట్టేవి కావు. అందుచేత పట్టాను అలాగే ఉంచి ఇంజను ఒంటిని పెద్దది చేసారు. ఫలితంగా ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను చక్రాలు లోపలికి దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుంది. నమూనాలో ఈ తేడా 2.33 మిల్లీమీటర్లు కాగా, అసలు ఇంజనులో ఇది దాదాపు 18 సెంటీమీటర్లతో సమానం.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి రెండు పద్ధతులు వచ్చాయి. ఇ.ఎమ్. పద్ధతిలో పట్టాల దూరం 18.2 మిల్లీమీటర్లు, పీ4 పద్ధతిలో సరిగ్గా 18.83 మిల్లీమీటర్లు. పీ4 నమూనాలలో చక్రపు అంచులు కూడా స్కేలుకు తగినట్లు పలుచగా ఉంటాయి. కాబట్టి పట్టాలు ఏమాత్రం హెచ్చుతగ్గులుగా ఉన్నా బండి పట్టాలు తప్పుతుంది.

మలుపులు మరొక సమస్య. ఇళ్ళలో వేసుకునే పట్టాల మలుపు వ్యాసార్థం తరచు 438 మిల్లీమీటర్లు ఉంటుంది. అసలు కొలతలో ఇది సుమారు 33 మీటర్లు మాత్రమే. ఇంత ఇరుకైన మలుపులో ప్రధాన మార్గపు ఇంజను ఏదీ తిరగలేదు. నమూనా తిరగడానికి ముందు బోగీ చక్రాలకు అదనపు జాగా వదలడం, కొన్ని నమూనాలలో క్యాబ్ క్రింది చక్రాలకు అంచు తీసివేయడం, టెండరును కొంత దూరంగా తగిలించడం వంటివి చేస్తారు. కొన్ని నమూనాలలో టెండరు తగిలించే కడ్డీకి రెండు రంధ్రాలు ఉంటాయి. అద్దాల పెట్టెలో ఉంచేవారు దగ్గరి రంధ్రాన్ని, ఇరుకు మలుపులలో నడిపేవారు దూరపు రంధ్రాన్ని వాడుకుంటారు.

టెండర్లు

నమూనాలలో ఎక్కువ తప్పులు దొర్లే భాగం టెండరు. ఇంజనును మరమ్మతుకు కర్మాగారానికి పంపినప్పుడు దాని టెండరును విడదీసేవారు. ఇంజను పని పూర్తయ్యే సమయానికి సిద్ధంగా ఉన్న మరొక టెండరును తగిలించి పంపడం సాధారణంగా జరిగేది. కొన్ని కంపెనీలు ఇంజను సంఖ్యను టెండరు పక్కన పెద్ద అంకెలలో వ్రాసేవి. టెండర్లు మారినప్పుడల్లా సంఖ్యలు తారుమారయ్యే ఇబ్బంది రావడంతో ఎల్.ఎమ్.ఎస్., ఎల్.ఎన్.ఇ.ఆర్. కంపెనీలు 1920ల చివరలో సంఖ్యను క్యాబ్ పక్కకు మార్చాయి. కనుక సంఖ్య ఎక్కడ ఉన్నదో చూసి కూడా నమూనా కాలాన్ని అంచనా వేయవచ్చు.

గ్రేట్ వెస్టర్న్ రైల్వే కాజిల్ తరగతి ఇంజనులు 1923లో 3,500 గ్యాలన్ల చిన్న టెండర్లతో మొదలయ్యాయి. 1926 నుండి 4,000 గ్యాలన్ల టెండర్లు వచ్చాయి. 1940లలో హాక్స్‌వర్త్ రూపొందించిన చదును పక్కల టెండర్లు కొన్నిటికి చేరాయి. ఎల్.ఎమ్.ఎస్. కంపెనీ జూబిలీ తరగతిలో కొన్ని ఇంజనులకు పాత ఫౌలర్ టెండర్లు తగిలించారు. ఇవి ఇంజను క్యాబ్ కంటే ఇరుకైనవి కావడంతో రెండింటి మధ్య మెట్టు వలె తేడా స్పష్టంగా కనిపించేది. చూపుకు బాగులేదని నమూనాలో దీనిని సరిచేస్తే అది తప్పు అవుతుంది.

టెండరులోని బొగ్గు కూడా పరిశీలనకు వస్తుంది. ప్లాస్టిక్ ముద్దను తొలగించి నిజమైన బొగ్గును నలగగొట్టి, జల్లించి, జిగురుతో అంటించడం చాలామంది నమూనాకారుల అలవాటు. ప్రయాణం మొదట్లో ఉన్న ఇంజనుకు బొగ్గు నిండుగా, ముగింపులో ఉన్న ఇంజనుకు వెనుక భాగం ఖాళీగా చూపుతారు.

ఉదాహరణ: ఫ్లయింగ్ స్కాట్స్‌మన్

ప్రపంచంలో మిక్కిలి పేరు పొందిన ఈ ఇంజను ఒకే పేరుతో ఎన్ని రూపాలు ధరించినదో క్రింది వివరాల వలన తెలుస్తుంది.

* 1923 ఫిబ్రవరి: డాంకాస్టర్ కర్మాగారంలో ఏ1 తరగతి ఇంజనుగా పూర్తయినది. సంఖ్య 1472. గ్రేట్ నార్తర్న్ పద్ధతిలో పై అంచున కమ్ముల వరుస కలిగిన ఎనిమిది చక్రాల టెండరు.
* 1924: సంఖ్య 4472గా మారినది. వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో ఉంచారు. రంగు ఆపిల్ ఆకుపచ్చ.
* 1928 ఏప్రిల్: నడవా టెండరు తగిలించారు. మే 1న లండన్ నుండి ఎడిన్‌బరోకు సుమారు 392 మైళ్ళు ఎక్కడా ఆగకుండా నడచిన మొదటి రైలును లాగినది.
* 1936 అక్టోబరు: నడవా టెండరు స్థానంలో తిరిగి పాత రకం టెండరు.
* 1938 జూలై: పక్కలు నునుపుగా ఉండే, నడవా లేని కొత్త రకం టెండరు. సేవ ముగిసేవరకు ఈ రకమే కొనసాగినది.
* రెండవ ప్రపంచ యుద్ధ కాలం: నలుపు రంగు.
* 1946: సంఖ్య మొదట 502గా, తరువాత 103గా మారినది.
* 1947 జనవరి: ఎక్కువ పీడనం గల బాయిలరుతో ఏ3 తరగతికి మార్చారు.
* 1948 డిసెంబరు: బ్రిటిష్ రైల్వే సంఖ్య 60103.
* 1949-1952: నీలం రంగు. అటుపిమ్మట ముదురు ఆకుపచ్చ.
* 1958 చివర: జంట పొగగొట్టం.
* 1961 చివర: పొగపెట్టెకు ఇరువైపులా పొగను పైకి మళ్ళించే రేకులు. జంట పొగగొట్టం వలన పొగ మెల్లగా వెలువడి డ్రైవరు చూపుకు అడ్డురావడమే దీనికి కారణం.
* 1963 జనవరి: సేవ నుండి విరమణ. అలన్ పెగ్లర్ కొనుగోలు చేసారు.

నడవా టెండరులో కుడి పక్కగా మనిషి వంగి నడవగలిగినంత ఇరుకైన దారి ఉంటుంది. రైలు ఆగకుండానే సగం దారిలో డ్రైవరు, ఫైర్‌మన్ మారడానికి దీనిని ఏర్పాటు చేసారు. ఈ టెండరు వెనుక భాగంలో పెట్టెకు కలిపే ద్వారం, గుండ్రని చిన్న కిటికీ ఉంటాయి. వెనుక నుండి చూస్తే ఏ టెండరో వెంటనే పోల్చవచ్చు.

పై వివరాల ప్రకారం 4472 సంఖ్యతో నడవా టెండరు కలిగిన నమూనా 1928-1936 మధ్య కాలానికి చెందాలి. అప్పటికి ఆ ఇంజను ఏ1 తరగతిలోనే ఉన్నది. ఏ3 బాయిలరుతో ఉన్న ఇంజనుల పొగపెట్టె పక్కల చిన్న దీర్ఘచతురస్రాకారపు మూతలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. 1928 నాటి రూపమని చెప్పే నమూనాకు ఈ మూతలు ఉంటే అది తప్పు. అదే విధంగా పొగ మళ్ళించే రేకులు కలిగిన నమూనా నీలం రంగులో ఉండడానికి వీలులేదు. ఆ రెండింటి మధ్య తొమ్మిది సంవత్సరాల దూరం ఉన్నది.

భద్రపరచిన ఇంజనులతో వచ్చే చిక్కు

అసలు ఇంజను కళ్ళ ఎదుట ఉన్నప్పుడు దానిని చూసి నమూనా చేస్తే చాలునని అనిపించవచ్చు. కాని భద్రపరచిన ఇంజను కూడా అన్నిసార్లు నమ్మదగిన సాక్షి కాదు. 1963లో పెగ్లర్ ఈ ఇంజనుకు తిరిగి ఒంటి పొగగొట్టం, నడవా టెండరు, ఆపిల్ ఆకుపచ్చ రంగు, 4472 సంఖ్య ఏర్పాటు చేయించారు. బాయిలరు మాత్రం ఏ3 తరగతిది. ఎల్.ఎన్.ఇ.ఆర్. కాలంలో ఈ ఇంజనుకు ఇటువంటి కలయిక ఎన్నడూ లేదు. 1966లో నీటి కొరకు రెండవ టెండరు చేరినది. 1969లో అమెరికా పర్యటన కోసం ముందు భాగాన పశువులను తప్పించే కంచె, గంట అమర్చారు. 1999లో మరమ్మతు అనంతరం ఆపిల్ ఆకుపచ్చ రంగుతో జంట పొగగొట్టంతో నడచినది. ఇది కూడా అసలు సేవాకాలంలో లేని రూపమే.

బ్రిటన్ జాతీయ రైల్వే మ్యూజియం 2004లో ఈ ఇంజనును కొనుగోలు చేసి, 2016లో 60103 సంఖ్యతో, ముదురు ఆకుపచ్చ రంగుతో, జంట పొగగొట్టంతో, పొగ మళ్ళించే రేకులతో తిరిగి నడిపించినది. ఈ రూపం 1962 నాటి ఇంజనుకు చాలా దగ్గర. అయితే దీని వెనుక ఉన్నది నడవా టెండరు. 1962లో దానికి ఉన్నది నడవా లేని టెండరు. నేటి ఇంజను ఛాయాచిత్రాన్ని చూసి 1962 నాటి నమూనా చేసేవారు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది. నేటి ఇంజనునే నమూనాగా చేస్తున్నట్లు ప్రకటిస్తే మాత్రం నడవా టెండరే సరైనది.

మరొక ప్రసిద్ధ ఇంజను మాలార్డ్ విషయంలోను ఇటువంటిదే గమనించవచ్చు. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ళ వేగాన్ని అందుకున్న ఈ ఏ4 తరగతి ఇంజను చక్రాలను కప్పుతూ పక్క రేకులు ఉండేవి. యుద్ధకాలంలో మరమ్మతులకు అడ్డుగా ఉన్నాయని వీటిని తొలగించారు. భద్రపరచిన తరువాత మ్యూజియం రూపంలో తిరిగి అమర్చారు. కాబట్టి బ్రిటిష్ రైల్వే కాలపు 60022 సంఖ్యతో పక్క రేకులు ఉన్న మాలార్డ్ నమూనా సరైనది కాదు.

రంగులు, గుర్తులు

మొదట ఒంటిని శుభ్రపరచి పలుచని ప్రైమరు, దానిపై గాలి బ్రష్షుతో అసలు రంగు, తరువాత అంచు గీతలు, అక్షరాలు, చివరగా వార్నిష్ వేస్తారు. కర్మాగారాలలో తయారయ్యే నమూనాలకు గీతలను మెత్తని దిండు వంటి అచ్చుతో ముద్రిస్తారు. ఇత్తడి రేకుల కిట్టుతో స్వయంగా తయారు చేసుకునేవారు గీతల పెన్నుతో గీస్తారు, లేదా నీటిలో తడిపి అంటించే అచ్చులను వాడతారు. అసలు ఇంజను మీద పావు అంగుళం గీత ఓఓ నమూనాలో 0.08 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత చాలా నమూనాలలో గీతలు ఉండవలసిన దానికంటే లావుగా ఉంటాయి. పొరలు పొరలుగా దట్టంగా వేసిన రంగు రివెట్ల తలలను మూసివేస్తుంది. ఒక అంగుళం వ్యాసం గల రివెట్టు తల ఈ నమూనాలో మిల్లీమీటరులో మూడవ వంతే.

అసలు రంగు డబ్బాను తెచ్చి నమూనాకు పూస్తే అది ముదురుగా కనిపిస్తుందని చాలామంది నమూనాకారుల అభిప్రాయం. అందువలన రంగులో కొద్దిగా తెలుపు గాని బూడిద రంగు గాని కలుపుతారు. మెరుపు విషయంలోను ఇదే పద్ధతి. పెద్ద ఇంజను మీది నిగనిగ చిన్న నమూనాకు ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక సగం మెరుపు వార్నిష్ వాడతారు.

టెండరు పక్క చిహ్నం కాలనిర్ణయానికి బాగా ఉపకరిస్తుంది. బ్రిటిష్ రైల్వే తొలి చిహ్నం చక్రం మీద నిలిచిన సింహం. 1956లో వచ్చిన రెండవ చిహ్నంలో కిరీటం నుండి లేచిన సింహం చక్రాన్ని పట్టుకొని ఉంటుంది. ఈ రెండవ చిహ్నాన్ని మొదట్లో రెండు వైపులా సింహం ఇంజను ముందుకు చూసేటట్లు అంటించారు. రాజచిహ్నాల వ్యవహారాలు చూసే సంస్థ ఎడమవైపు చూసే సింహాన్ని మాత్రమే ఆమోదించినట్లు తెలపడంతో, తరువాత రెండు పక్కల ఎడమవైపు చూసే సింహాన్నే వాడారు. కనుక ఇంజను కుడి పక్కన సింహం వెనుకకు చూస్తుంటే అది తరువాతి కాలపు ఇంజను అని గ్రహించవచ్చు.

వాడిన రూపం

నిత్యం నడిచే ఆవిరి ఇంజను కొత్తదాని వలె ఉండదు. పైభాగాన మసి, కవాటాల దగ్గర నీటిలోని సున్నం వలన తెల్లని చారలు, చక్రాల వద్ద బ్రేకుల నుండి రాలిన తుప్పు రంగు పొడి, కడ్డీలకు నూనె జిడ్డు, టెండరు మీద బొగ్గు దుమ్ము కనిపిస్తాయి. వీటిని నమూనా మీద పలుచని రంగులతో, పొడులతో చూపుతారు. ఇక్కడ కూడా కాలం, స్థలం ముఖ్యం. లండన్ కింగ్స్ క్రాస్ షెడ్డులోని ఎక్స్‌ప్రెస్ ఇంజనులను శుభ్రంగా తుడిచి పంపేవారు. సరకుల బండ్ల ఇంజనులకు అంతటి శ్రద్ధ దక్కేది కాదు. 1960లలో పనివారి కొరత వలన ఎక్స్‌ప్రెస్ ఇంజనులు కూడా మాసిపోయాయి. మురికిని ఊహతో పూయకుండా, ఆ ఇంజను ఛాయాచిత్రాన్ని చూసి మురికి ఎక్కడ మొదలై ఎటు కారినదో గమనించి వేసిన నమూనా సహజంగా ఉంటుంది.

ఆధారాలను పరిశీలించే పద్ధతి

నమూనాకారులకు ప్రధాన ఆధారాలు రెండు: చిత్తుపటాలు, ఛాయాచిత్రాలు. చిత్తుపటం ఇంజను ఎలా ఉండాలని అనుకున్నారో చెబుతుంది. ఎలా తయారైనదో, తరువాత ఏమి మారినదో చెప్పదు. ఛాయాచిత్రం ఒక రోజున ఇంజను ఎలా ఉన్నదో చూపుతుంది. అందుకే తేదీ తెలిసిన ఛాయాచిత్రానికి విలువ ఎక్కువ.

ఛాయాచిత్రాలలోను మోసపోయే అవకాశం ఉన్నది. కొత్త ఇంజనును అధికారికంగా ఫొటో తీయడానికి దానికి తాత్కాలికంగా బూడిద రంగు పూసేవారు. ఆ రంగుతో ఇంజను సేవలో నడచినది కాదు. పాతకాలపు నలుపు-తెలుపు ఫిల్ములలో కొన్ని ఎరుపును గుర్తించలేవు. వాటిలో ఎరుపు రంగు నల్లగా, నీలం తెల్లగా కనిపిస్తుంది. ఒక పక్క ఫొటోను చూసి రెండవ పక్క కూడా అలాగే ఉంటుందని భావించడం మరొక పొరపాటు. ఇంజను రెండు పక్కల గొట్టాలు, మీటలు ఒకే విధంగా ఉండవు.

భిన్నాభిప్రాయాలు

ఖచ్చితత్వం ఎంతవరకు అవసరమనే విషయంలో నమూనాకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అతిగా తప్పులు వెదికేవారిని బ్రిటన్‌లో హాస్యంగా "రివెట్లు లెక్కపెట్టేవారు" అని పిలుస్తారు. నమూనా పట్టాల మీద సాఫీగా నడవడం, చేతితో పట్టుకున్నప్పుడు విరిగిపోకుండా ఉండడం ముఖ్యమని ఒక వర్గం వాదన. అసలు కొలతకు చేసిన సన్నని కమ్మీలు పిల్లల చేతిలో నిలువవు. కాలానికి సరిపోని టెండరును తగిలించడానికి మాత్రం ఇటువంటి కారణం చెప్పలేమని రెండవ వర్గం అంటుంది. సరైన టెండరుకు, తప్పు టెండరుకు గట్టిదనంలో తేడా ఉండదు. కాబట్టి నడవడం కోసం చేసిన మార్పును, తెలియక జరిగిన తప్పును వేరు చేసి చూడడం సమంజసంగా ఉంటుంది.

భారతదేశపు ఇంజనుల నమూనాలు

భారతదేశపు ఇంజనుల నమూనాలు చేసేవారికి గేజి సమస్య మరింత ఎక్కువ. ఇక్కడి బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. ఇది ఓఓ నిష్పత్తిలో 22 మిల్లీమీటర్లు, హెచ్ఓ నిష్పత్తిలో 19.2 మిల్లీమీటర్లు అవుతుంది. బజారులో తేలికగా దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లది. దానిమీద నిలిపిన డబ్ల్యు.పి. తరగతి ఇంజను విశాలమైన ఆకారం కింద చక్రాలు మరీ ఇరుకుగా కనిపిస్తాయి. నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో ఒకప్పుడు బ్రాడ్‌గేజి, మీటరుగేజి రెండూ ఉండేవి. నిజాం కాలపు రైల్వేలోను రెండూ ఉన్నాయి. మీటరుగేజి ఇంజనును హెచ్ఓ నిష్పత్తిలో చేస్తే 11.5 మిల్లీమీటర్ల పట్టా కావాలి. వాడుకలో ఉన్న 12 మిల్లీమీటర్ల పట్టా దీనికి దగ్గరగా సరిపోతుంది. ఈ లెక్కన మీటరుగేజి ఇంజనును బ్రాడ్‌గేజి ఇంజనుకంటే ఖచ్చితంగా చూపడం సులభం.

ఇవి కూడా చూడండి

* ఆవిరి యంత్రం
* ఫ్లయింగ్ స్కాట్స్‌మన్
* రైలు గేజి
* భారతీయ రైల్వేలు